పాదరసం నిలబడిన రోజు

మా వదిన అసలు పేరు రేవులో ఎవరికీ తెలియదు. అక్కడ అందరికీ ఆమె పాదరసం. ఆ పేరు పెట్టింది క్రేను నడిపే ఆయన. పైన తన గాజు గదిలోంచి కిందికి చూస్తే, ఈ మనిషి ఇప్పుడే గంధకం షెడ్డు గుమ్మంలో ఉంటుందట, రెప్ప వేసి తీసేలోగా సోడా షెడ్డు వెనక తేలుతుందట. వేలితో నొక్కి పట్టుకుందామంటే జారిపోయే సరుకు అన్నాడట. ఆ మాట షెడ్లన్నీ తిరిగి చివరికి మా ఇంటికీ వచ్చింది. మా అన్నయ్య విని, ఇన్నేళ్ళ కాపురంలో తనకు తట్టని మాట ఆయనకు పైనుంచి చూస్తేనే తట్టిందని తెగ మెచ్చుకున్నాడు.

అన్నయ్య బస్సు డ్రైవరు. రోజంతా సీట్లోంచి లేవకుండా ఊరంతా తిరిగే మనిషి. వదిన రోజంతా ఒక్క ఆవరణలోనే ఉండి కుర్చీ మొహం ఎరగని మనిషి. ఇంటికొచ్చినా అంతే. అన్నం నిలబడే తినేది. ఓ చేతిలో కంచం, ఓ కన్ను పొయ్యి మీద, ఇంకో కన్ను గుమ్మం మీద. కాపురానికి వచ్చిన కొత్తలోనే మా వంటింటిని తలకిందులు చేసింది. అగ్గిపెట్టె ఒక గోడకి, కిరోసిన్ డబ్బా ఎదురు గోడకి. బాత్రూము కడిగే యాసిడ్ సీసా కిందే ఉంది గానీ, బ్లీచింగ్ పొడి డబ్బా మాత్రం నా గదిలో అల్మరా పైకెక్కింది. నా నెత్తినెందుకు పెట్టావు వదినా అని అడిగితే, ఆ రెండూ కలిస్తే వచ్చే పొగకి ఊపిరితిత్తులు ఉడికిపోతాయని చెప్పి, "తోడికోడళ్ళనైనా ఒక పొయ్యి దగ్గర సర్దొచ్చు గానీ వీటిని కుదరదే," అంది.

అన్నయ్య పక్కగదిలోంచి, "మీ వదిన కళ్ళకి ఇల్లు కూడా గోడౌనే. నేనొక్కణ్ణే తేమ తగలకుండా ఓ మూల పడేసిన బస్తాని," అన్నాడు. ఆ మాట నిజమే. ఇల్లు కూలుతున్నా ముందు దిండు సర్దుకునే రకం మావాడు. ఈ ఇద్దరికీ ఎలా పొసిగిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

వదిన రేవులో చేరింది చిరిగిన బస్తాలు కుట్టే పనిలో. వాళ్ళ నాన్న అక్కడే కాపలాదారు. బస్తా కుట్టేవాళ్ళకి బస్తాలో ఏముందో ఎవరూ చెప్పరు, వీళ్ళూ అడగరు. ఈమె అడిగేది. ఈ పొడి అంటితే వేళ్ళు ఎందుకు మండుతున్నాయి, ఆ పొడి పక్కన బీడీ ఎందుకు కాల్చకూడదు, ఇవి ఆ షెడ్డులో, అవి ఈ షెడ్డులో ఎందుకు. సరుకు పరీక్షించే ల్యాబులో ఒక పెద్దాయన ఉండేవాడు, టెస్టింగు సారు అనేవారు. ఆయన విసుక్కోకుండా చెప్పేవాడు. ఒకరోజు చెప్పింది మరుసటి రోజు తిరిగి ఒప్పజెప్పించుకునేవాడు కూడా. తనకు వచ్చిన నాలుగు ముక్కలూ ఆయన పెట్టిన భిక్షేనని వదిన ఎక్కడైనా చెప్పుకునేది. పాత గోడౌన్ కీపరు పని మానేసినప్పుడు, ఆ తాళాలు ఈమెకు ఇవ్వమని చెప్పింది కూడా ఆయనే.

అక్కడి సరుకంతా పొడులే. కొన్ని బస్తాల్లో, కొన్ని షెడ్డు నేల మీద గుట్టలుగా. దేని గుణం దానిది. సోడా తడిస్తే గడ్డకట్టి రాయవుతుంది, సరుకు పోతుంది తప్ప ప్రాణం పోదు. గంధకం అలా కాదు. దాని ధూళి గాలిలోకి లేచి ఉన్నప్పుడు ఇనప పార నేలకు రాసుకుని ఒక్క నిప్పురవ్వ ఎగిరితే చాలు, షెడ్డు షెడ్డంతా భగ్గుమంటుంది. అందుకని అక్కడ చెక్క పారలే వాడతారు. బ్లీచింగ్ పొడికి ఎండ పడదు, తడి పడదు, నూనె చుక్క అసలే పడదు. ఆ బస్తాల్ని పలకల మీద, గోడకు మనిషి నడిచేంత ఎడంగా పేర్చాలి. గుట్టల్లోకి పొడుగాటి చువ్వ గుచ్చి లోపలి వేడి చూస్తూ ఉండాలి. పైకి చల్లగా ఉన్న గుట్ట లోపల కుతకుతలాడుతూ ఉండొచ్చు. అచ్చం మీ అన్నయ్య తప్ప మిగతా మనుషుల్లాగే అనేది వదిన.

ఇన్నింటిలో ఆమె భయపడింది ఒక్కదానికే. గంధకం కలిసిన రాగి ఖనిజం పొడి. చూడ్డానికి నల్లటి తడి ఇసకలా ఉంటుంది. ఘాటు వాసన లేదు, కళ్ళు మండించదు. ఊరికే పడి ఉంటుంది. పడి ఉంటూనే గాలిలోని ప్రాణవాయువును తింటుంది. ఇనుముకు తుప్పు పట్టినట్టే దీనికీ పడుతుంది. ఆ తుప్పుకు కావలసింది మనం పీల్చేదే. తలుపులు బార్లా తెరిచిన షెడ్డులో ఉంటే ఫరవాలేదు. ఓడ కడుపులో, హోల్డు అనే పెద్ద గదిలో పోసి పైన మూతలు వేసేస్తే మాత్రం తెల్లారేసరికి లోపల గాలి ఉన్నట్టే ఉంటుంది, అందులో ఊపిరి ఉండదు. దిగినవాడికి దగ్గు రాదు, ఉక్కిరిబిక్కిరి అవదు. మోకాళ్ళు మడతపడతాయి, అంతే.

అందుకని ఆ పొడి ఓడకెక్కేటప్పుడు హోల్డులోకి మనుషులు దిగే కన్నం దగ్గర ఒకరు నిలబడాలి. మనిషి పట్టేంత కన్నం, దానికో ఇనప మూత, లోపల నిచ్చెన. గాలి మీటరు గొట్టాన్ని లోపలికి దించి చూసి, బాగుందంటేనే లోపల సరుకు చదును చేసే కళాసీల్ని దిగనివ్వాలి. దిగినవాళ్ళని, ఎక్కినవాళ్ళని లెక్కపెట్టుకోవాలి. ఆ పని కూడా వదినకే ఇచ్చారు. షెడ్లు తిరిగి చూసుకునేదీ ఆమే, కన్నం దగ్గర కదలకుండా నిలబడేదీ ఆమే. తిరగడం ఎంత తిరగమన్నా తిరుగుతాను గానీ ఆ నిలబడ్డమే నా ప్రాణానికొచ్చింది అని ఇంట్లో గొణిగేది. నిలబడినంతసేపూ పాదాలు మారుస్తూనే ఉండేదట. మనసంతా షెడ్ల చుట్టూ తిరుగుతూ ఉండేదట.

కళాసీల మేస్త్రిని అందరూ మామ అనేవారు. బలమైన మనిషి, గట్టి గొంతు. అతని కూతురు టైలరు. ఆమె భర్త కూడా మామ గ్యాంగులోనే చేరేసరికి రేవంతటికీ అల్లుడైపోయాడు. ముసలివాళ్ళూ అల్లుడూ అనే పిలిచేవారు, పడుచువాళ్ళూ అంతే. ఒక విదేశీ ఓడ కెప్టెన్ అదే అతని పేరనుకుని "మిస్టర్ అల్లుడు" అని పిలిచాడని చెప్పుకుని ఏడాది నవ్వారు. బరువు పని చెబితే, అల్లుడికి పని చెప్పే మామని ఎక్కడైనా చూశారా అంటూనే అందరికంటే ముందు పార అందుకునేవాడు. నవ్వుమొహం. మామకి వాడంటే కన్నకొడుకు కంటే ఎక్కువ. వదినంటే కూడా మామకి అభిమానమే. మీటరు దించినప్పుడల్లా, "పాదరసం, ఇంకా ఎంతసేపమ్మా, మా పెళ్ళిళ్ళు అయిపోయాయి, మనవల పెళ్ళిళ్ళకైనా పంపించు," అని వేళాకోళం చేసేవాడు. చేస్తూనే ఆమె చెయ్యి ఊపేదాకా ఆగేవాడు.

ఆ రోజు ముసురు. ముందురోజు హోల్డు సగం నిండాక వాన పట్టుకుంటే మూతలు వేసేశారు. ఆ పొడి తడిస్తే నడిసముద్రంలో ఓడ ఊగినప్పుడు బురదలా ఒక పక్కకు జారి ఓడనే ఒరగదోస్తుంది. కాబట్టి తుంపర ఆగేదాకా మూతలు తియ్యడానికి లేదు. పొద్దున కళాసీలంతా ఓడ మీదికెక్కి టార్పాలిన్ కింద చేరి టీ తాగుతున్నారు. పని మొదలవుతుందనుకుని ఓడవాడెవడో కన్నం మూతకున్న తాళం తీసేశాడు. వదిన కన్నం దగ్గర నిలబడి ఉంది.

అప్పుడు షెడ్డు కూలీ ఒకడు పరిగెత్తుకొచ్చాడు. గాలికి రేకు లేచిపోయిందట. బ్లీచింగ్ పొడి బస్తాల మీద నీళ్ళు పడుతున్నాయట. ఇక ఆమె కాళ్ళు ఆగుతాయా. కన్నానికి అడ్డంగా ఎర్ర పట్టీ కట్టింది. అక్కడున్న ఓడ నావికుడితో ఎవర్నీ దిగనివ్వద్దని చెప్పింది. అతను తలూపాడు. ఆమె భాష అతనికి అర్థమైందో, ఊరికే ఊపాడో ఎవరికీ తెలియదు. ఈమె షెడ్డు వైపు పరిగెత్తింది. కాసేపటికి అతన్ని ఎవరో తాడు పట్టడానికి పిలిస్తే అతనూ వెళ్ళాడు.

అల్లుడికి వానకోటు గుర్తొచ్చింది. ముందురోజు ఉక్కకు విప్పి నిచ్చెన మధ్యలో ఉండే చిన్న అరుగు పక్కన కొక్కేనికి తగిలించి మరిచిపోయాడు. పక్కవాడు పట్టీ కట్టి ఉందిరా అంటే, "దిగడమేంటి, ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా. నిన్నంతా అందులోనే కదా చచ్చాం," అన్నాడట. పట్టీ కింద నుంచి దూరి, మూత లేపి దిగాడు. పక్కవాడు టీ గ్లాసు కింద పెట్టి, ఏరా దొరికిందా అని కేకేశాడు. పలకలేదు. తొంగి చూస్తే అరుగు మీద పక్కకు ఒరిగి, వానకోటు గుండెలకు హత్తుకుని, నిద్రపోయినట్టు పడున్నాడు.

వదిన అప్పటికి రేకు కింద బస్తాలు లాగించి, టార్పాలిన్ కప్పించి, తిరిగి ఓడ మెట్లెక్కుతోంది. అరుపులు వినబడ్డాయి. ఆమె చేరేసరికి మామ ఒక కాలు కన్నంలో పెట్టేశాడు. వెనక నుంచి చొక్కా పట్టుకుని గుంజింది. తడి ఇనుము మీద అంతలావు మనిషీ వెల్లకిలా పడ్డాడు. ఆయన లేచేలోగా వెళ్ళి కన్నం అంచు మీద అడ్డంగా కూర్చుంది. రెండు కాళ్ళూ అవతలి అంచుకు తన్నిపెట్టి, రెండు చేతులతో ఇనప పిడిని పట్టుకుంది. ఎక్కడా కూర్చోని మనిషి కూర్చున్నది అక్కడ.

అక్కణ్ణించే అన్నీ చెప్పింది. ఓడ ఆఫీసరును గాలి సిలిండర్లు, ముసుగులు తెమ్మంది. క్రేను ఆయనకు చెయ్యి చూపి అగ్నిమాపకదళానికి కబురు పెట్టమంది. వాననూ సరుకునూ పక్కన పెట్టి పెద్ద మూతలు తెరవమంది. గాలి కొట్టే ఫ్యాను గొట్టాన్ని లోపలికి వదలమంది. మీటరు గొట్టం తన మోకాలి పక్కనుంచే అరుగు దాకా దించి చూసింది. ఉండాల్సిన ప్రాణవాయువులో సగం కూడా లేదు.

మామ లేచి ఆమె భుజం పట్టి గుంజాడు. "లేమ్మా. వాడు కనబడుతున్నాడు. చెయ్యి చాస్తే అందుతాడు. లే," అన్నాడు.

"అందడు మామా. నువ్వు దిగితే ఇద్దరవుతారు. నీ వెనక వీళ్ళు దిగుతారు. నీ కూతురికి నేను ఎంతమందిని అప్పజెప్పను?"

పక్కనున్న కళాసీ ఒకడు ఊపిరి బిగబట్టి దూకి లాక్కొచ్చేస్తానన్నాడు. బిగబట్టి దిగొచ్చు, వాణ్ణి భుజానేసుకుని ఎక్కేటప్పుడు ఎంతసేపు బిగబడతావురా అని అడిగింది వదిన. మామకి అవేవీ వినబడలేదు. కొట్టాడు. మొహం మీద కొట్టాడు. పెదవి చిట్లింది. పిడి మీది వేళ్ళు ఒక్కొక్కటే విడదీయబోయాడు, బొటనవేలు వెనక్కి మడతపడింది. ఆమె ఎదురు చెయ్యి ఎత్తలేదు, కదల్లేదు. కింద వాణ్ణి చూస్తూ వాడి ఛాతీ కదులుతోందా లేదా అని మాత్రం చూస్తూ కూర్చుంది. కదులుతున్నట్టే ఉందట. ఉందనుకున్నానేమో కూడా తెలియదే అని తర్వాత నాతో అంది.

వీపున సిలిండర్లు కట్టుకుని, మొహానికి ముసుగులు తగిలించుకుని ఇద్దరు ఓడ మనుషులు వచ్చాక అప్పుడు పక్కకు జరిగింది. వాళ్ళు దిగి అల్లుడి చంకల కింద తాడు వేశారు, పైవాళ్ళు లాగారు. పెద్ద మూత కిర్రుమంటూ తెరుచుకుంటూ ఉంది. వాన నేరుగా పొడి మీద పడుతోంది. దాన్ని పట్టించుకున్నవాడు లేడు.

నేను ఆస్పత్రిలో రిసెప్షన్ కౌంటర్ దగ్గర పనిచేస్తాను. అల్లుణ్ణి స్ట్రెచర్ మీద తోసుకొచ్చినప్పుడు అక్కడే ఉన్నాను. మొహం బూడిద రంగులో ఉంది, కానీ ఊపిరి ఉంది. వెనకే మామ. కాసేపటికి అతని కూతురు, మెళ్ళో కొలతల టేపు అలాగే వేలాడుతుండగా వచ్చింది. ఆ తర్వాత వదిన వచ్చి గోడవారన నిలబడింది. బొటనవేలికి ఎవరిదో రుమాలు చుట్టి ఉంది. మామ వెనక్కి తిరిగి చూశాడు. అందరూ వింటుండగా, గొంతు పెంచకుండా అన్నాడు.

"నిలబడాల్సిన చోట నిలబడలేదు. దిగాల్సినప్పుడు దిగనివ్వలేదు."



అల్లుడు బతికాడు. కానీ ఎడమ చెయ్యి వణుకుతుంది. మాట వెతుక్కుని వెతుక్కుని వస్తుంది. జోకు చెబితే అందరూ నవ్వేశాక తను నవ్వుతాడు. బరువు ఎత్తే పనికి పనికిరాడని తేల్చేశారు. ఇంకాస్త ముందు తీసి ఉంటే మామూలుగా ఉండేవాడా అని వదిన తరఫున నేనే డాక్టరుగారిని అడిగాను. చెప్పలేనమ్మా అన్నారాయన. గాలి సిలిండరు లేకుండా దిగినవాడు తిరిగి వచ్చేవాడని కూడా చెప్పలేను అన్నారు. ఆ జవాబును ఇంటికి మోసుకెళ్ళి ఆమెకిచ్చాను. దాంతో ఆమె ఏం చేసుకోవాలి?

టెస్టింగు సారు మా ఇంటికొచ్చారు. నువ్వు చేసింది సరైన పని, నువ్వు లేకపోతే ఆ పూట ఎన్ని శవాలు లేచేవో అన్నారు. వదిన అంతా విని, "సరే సారూ, అడ్డం కూర్చోవడం సరే. దాని ముందు లేచి వెళ్ళానే, దానికేమంటారు?" అంది. ఆ పనికి ఇద్దరుండాలి, ఒక్కరినే పెట్టడం మా అందరి తప్పూనమ్మా, నేనూ ఎప్పుడూ అడగలేదు అన్నారు. తన వాటా ఆయన ఒప్పుకున్నా ఈమె వాటా తరగలేదు.

ఇదివరకు ఆమె కదలికకు ఒక పని ఉండేది. ఇప్పుడు పని లేకుండా కదిలేది. కడిగిన గిన్నెలే కడిగేది. గేటు దాకా వెళ్ళి, ఎందుకొచ్చానా అని నిలబడి, తిరిగొచ్చి మళ్ళీ వెళ్ళేది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో లేచిపోయేది. అన్నయ్య, అంత నిబ్బరం మనిషి, బస్సు దిగొచ్చి దిండు కూడా అడక్కుండా ఆమె వెనకే గదిలోంచి గదిలోకి తిరిగేవాడు. ఊరికే తిరిగేవాడు. చివరికి ఒకరోజు రేవుకెళ్ళి తాళాలు అప్పజెప్పి వచ్చేసింది.

అన్నయ్య తంటాలు పడి బస్‌స్టాండులో ఉద్యోగం ఇప్పించాడు. ప్రయాణికులు బస్సుల్లో మరిచిపోయిన సామాన్లు ఉంచే గది. కుర్చీ, బల్ల, గొడుగులు. చేరిన మొదటి వారమే లైటర్లు ఒక మూలకు, సెంటు సీసాలు ఇంకో మూలకు, సెల్‌ఫోన్ బ్యాటరీలు కిటికీ పక్కకు వెళ్ళాయి. డిపో మేనేజరు, నీ భార్య వచ్చాక నా చెప్పులు నాకు దొరకట్లేదయ్యా అని అన్నయ్యతో మొరపెట్టుకున్నాడు. ఆమె నవ్వింది కానీ ఆ నవ్వు లోపలికి దిగలేదు. ఒకరోజు కంచం చేతిలో పట్టుకుని నా పక్కకు వచ్చి, "గొడుగులు ఎవర్నీ చంపవే. అక్కడ నాకు కునుకొస్తోంది. కునుకొస్తే వాడు కనిపిస్తున్నాడు," అంది.

ఒక ఆదివారం క్రేను ఆయన మా ఇంటికొచ్చాడు. వదిన స్థానంలో పెట్టిన మనిషి కన్నం పక్కన కుర్చీ వేసుకుని ఫోను చూసుకుంటున్నాడట. మీటరు దించాడో లేదో అడిగితే, దించాగా అంటాడట తలెత్తకుండా. మామ గ్యాంగును ఓడ దింపేశాడు. మా వాళ్ళెవరూ దిగరు అని రేవులో కూర్చోబెట్టేశాడు. ఓడ ఆగిపోయింది. మేనేజరు పరిగెత్తుకొచ్చి ఏం కావాలయ్యా నీకు అంటే, ఆవిణ్ణి పిలిపించండి అన్నాడట.

వదిన నిలబడే వింటోంది. "నాతో మాట్లాడతానన్నాడా?"

క్రేను ఆయన తల గోక్కున్నాడు. "అదేం లేదమ్మా. మాట్లాడనని కూడా చెప్పమన్నాడు. పిలిపించమని మాత్రం అన్నాడు."

మర్నాడు ఆమె మేనేజరు దగ్గరికి వెళ్ళింది. వస్తాను గానీ ఒక షరతు అంది. తిరిగే మనిషి వేరు, నిలబడే మనిషి వేరుగా ఉండాలి. ఒకే మనిషికి రెండూ ఇస్తే ఏదో ఒక చోట ఖాళీ పడుతుంది, ఆ ఖాళీలోకే మనుషులు పడతారు అంది. మేనేజరు దానికి ఒప్పుకున్నాడు. నిలబడే ఉద్యోగం అల్లుడికివ్వమన్నప్పుడు మాత్రం గతుక్కుమన్నాడు. వణికే చేతికి మీటరా అన్నాడు. చదవాల్సింది చెయ్యి కాదు కదా అన్నారు పక్కనే ఉన్న టెస్టింగు సారు. నేర్పే పూచీ నాది అని కూడా అన్నారు.

ఆ సాయంత్రమే అల్లుడి భార్య మా గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. "మళ్ళీ ఆ కన్నం దగ్గరికే పంపిస్తావా అక్కా?" అంది.

"దిగడానికి కాదమ్మా. ఎవర్నీ దిగనివ్వకుండా ఉండడానికి," అంది వదిన. "నేను వద్దంటే అదో రూలు. వెనక్కి తిరిగితే మరిచిపోతారు. నీ మొగుడు అక్కడ నిలబడితే చాలు, నోరు తెరవక్కర్లేదు."

"నాన్న ఒప్పుకోడు."

"ఒప్పుకోనని ఆయన్నే వచ్చి నాతో చెప్పమను. ఆ వంకనైనా నోరు విప్పుతాడు."

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. అప్పుడు లోపలికి వచ్చి కూర్చుంది. ఇంట్లో ఆయన రోజంతా కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు మీద వెళ్ళేవాళ్ళని లెక్కపెడుతున్నాడని చెప్పింది. పని ఇస్తానంటే వద్దనడానికి నాకు మనసొప్పడం లేదు, సరే అనడానికి ధైర్యం చాలడం లేదు అంది. వదిన ఆమెకు ధైర్యం చెప్పలేదు. నాకూ చాలడం లేదమ్మా అంది. వెళ్ళే ముందు ఆ పిల్ల మీటరు ఎంత పొడుగుంటుంది, ఎంత వెడల్పుంటుంది అని అడిగి వేళ్ళతో కొలత పట్టుకుంది. తర్వాతి వారం అల్లుడు పనిలో చేరినప్పుడు మెళ్ళో మందపాటి గుడ్డ సంచీ వేలాడుతోంది. మీటరు అందులో ఎదురుగా కనిపించేలా కుట్టింది. ఎడమ చేత్తో పట్టుకునే అవసరం లేకుండా.

మామ ఒప్పుకున్నానని అనలేదు, ఒప్పుకోననీ అనలేదు. నాకు సెలవున్న ఒకరోజు వదినతో పాటు వాళ్ళ రేవు చూడ్డానికి వెళ్ళాను. ఎండ ఫెళ్ళున కాస్తోంది. నల్ల పొడి ఓడకెక్కుతోంది. కన్నం దగ్గర అల్లుడు కాళ్ళు ఎడంగా పెట్టి, నేలలో పాతినట్టు నిలబడి ఉన్నాడు. పక్కన మామ. ఎవరు కదిలించినా కదలని అల్లుడు, ఎవరు పలకరించినా పలకని మామ. వదిన వచ్చి నిలబడగానే మామ మొహం నావైపు తిప్పాడు. జన్మలో నాతో అంతకుముందు మాట్లాడినవాడు కాదు.

"మీ వదినకి చెప్పమ్మా. మీటరు బాగానే ఉందంటున్నాడు వీడు. మూతలు తీసి ఎంతోసేపు కాలేదు. నాకెందుకో నమ్మకం చాలట్లేదు. అడుగు దాకా ఇంకోసారి చూడమను."

వదిన నాకు రెండడుగుల దూరంలో ఉంది. "గొట్టం అడుగు దాకా దించాడో లేదో ఆయన అల్లుణ్ణే అడగమను," అంది.

ఈ రాయబారం ఎటు మోయాలో తెలియక నేను ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాను. అల్లుడు మాట కోసం వెతుక్కుంటున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు. "దించాను," అన్నాడు. మళ్ళీ ఆగి, "మామే... చూళ్ళేదు," అన్నాడు. కళాసీలు నవ్వారు. అందరూ ఆపేశాక అతనూ నవ్వాడు. మామ మీసం దువ్వుకుంటూ సముద్రం వైపు చూశాడు.

అయినా వదిన ఊరుకోలేదు. గొట్టం తీసుకుని మళ్ళీ దించింది, పైన చూసింది, మధ్యలో చూసింది, అడుగున చూసింది. చెయ్యి ఊపింది. కళాసీలు ఒక్కొక్కరే కన్నంలోకి దిగడం మొదలుపెట్టారు. అల్లుడు ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి లెక్కపెడుతున్నాడు. ఒక అంకెకీ ఇంకో అంకెకీ మధ్య చాలా ఎడం పడుతోంది. దిగబోయేవాడు నిచ్చెన మీద ఒక కాలుంచి, ఆ అంకె అతని నోట్లోంచి వచ్చేదాకా ఆగుతున్నాడు. మామ కూడా ఆగాడు.

ఆ లెక్క పూర్తయ్యేసరికి పక్కకు చూస్తే వదిన లేదు. అప్పటికే ఓడ మెట్లు దిగి, సోడా షెడ్డు దాటి, గంధకం షెడ్డు వైపు పోతోంది. నన్ను తీసుకొచ్చిన సంగతి మరిచిపోయింది. చెప్పులు చేతిలో పట్టుకుని ఆమె వెనక పరిగెత్తాను.